ఎంక్వయిరీకి వచ్చిన పెద్దమనిషి

చిన్న కథ చెబుతాను. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోతుంది.

కొత్తరేవు అనే ఊళ్ళో తవిటయ్య అనే కూరగాయల వ్యాపారి ఉండేవాడు. ఇంట్లో ఏది లేకపోయినా ఫరవాలేదు గానీ, లేదన్న సంగతి పక్కింటికి తెలియకూడదన్నది అతని పట్టుదల.

అలాగని ఊళ్ళో మిగతావాళ్ళేమీ తక్కువ తినలేదు. టీ దుకాణం దాలినాయుడు గ్యాసు అయిపోయినప్పుడల్లా "కట్టెల పొయ్యి మీద కాస్తేనే టీకి రుచి" అనేవాడు. నెలలో సగం రోజులు రుచే. రిటైరైన సన్యాసిరావు మాస్టారు ఫ్రిజ్జు కొని వీధి వరండాలో అందరికీ కనబడేలా పెట్టుకున్నారు. కరెంటు బిల్లుకు భయపడి దాన్ని ఎప్పుడూ వెయ్యలేదు. పంచెలు మడతపెట్టి అందులో దాచుకునేవారు. ఊళ్ళో ఎప్పుడూ చలవ పంచె కట్టేది ఆయనొక్కరే. ఇక పోస్టాఫీసు గుమస్తా ఉన్నాడు చూడండి, అతని సంగతి చెప్పాలంటే... వద్దు, పాలున్నాయి. తవిటయ్య దగ్గరికే వద్దాం.

ఊరి పక్క కొండ వెనక నౌకాదళం వారి సామాను డిపో ఒకటి ఉంది. చుట్టూ ముళ్ళకంచె ఉండడంతో ఊరు దాన్ని కంచె అనే పిలిచేది. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. అందుకని ఎవరిని అడిగినా చెప్పేవారు. లోపలికి వెళ్ళే భాగ్యం మాత్రం ఊరి మొత్తం మీద తవిటయ్య ఒక్కడిదే. అక్కడి క్యాంటీనుకు కూరగాయలు వేసేవాడు. ఫొటో అంటించిన పాసు మెళ్ళో వేసుకుని తిరిగేవాడు. ఆ ఫొటోలో అతనికి జుట్టు ఉండేది. స్నానానికైనా ఆ పాసు తీస్తాడా లేదా అన్నది ఊళ్ళో ఇప్పటికీ తేలలేదు.

తవిటయ్యకు గౌరమ్మ అని చెల్లెలు ఉండేది. ఆమె భర్త పోలయ్య అప్పు చేసి ఇంజిను పడవ కొన్నాడు. తుఫాను వచ్చింది. పడవ మునిగింది, అప్పు తేలింది. పోలయ్య నడుము దెబ్బతిని ఇంట్లో కూర్చుని వలలు బాగుచేసేవాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు. పేరు వరహాలు. ఆ ఇంట్లో వరహాలు అంటే ఆ పిల్ల ఒక్కతే.

వరహాలు కంప్యూటరు డిప్లొమా చదివింది. పట్నంలో ఒక దుకాణంలో పనిచేస్తూ నెలనెలా సూరమ్మకు బాకీ కట్టేది. సూరమ్మ ఎండుచేపలు అమ్మేది, అప్పులిచ్చేది. కాగితం రాయించుకునేది కాదు. ఆమె మరిచిపోతుందేమోనని ఆశపడ్డవాళ్ళు ఊళ్ళో కొందరున్నారు. ఆ ఆశతోనే ముసలివాళ్ళయ్యారు.

అలా ఉండగా వరహాలుకు కంచెలో ఉద్యోగం తగిలింది. గేటు దగ్గర కూర్చుని, లోపలికి ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో చూసే పని. పరీక్ష నెగ్గింది. కాకపోతే భద్రతా విచారణ జరగాలి, అందులో సరే అంటేనే ఉద్యోగం. దరఖాస్తులో ఒకచోట "మీకు, మీ కుటుంబానికి అప్పులున్నాయా?" అని అడిగారు.

"లేవని రాసెయ్," అన్నాడు తవిటయ్య. "అప్పులున్నవాళ్ళని కంచెలోకి రానివ్వరు. డబ్బుకి కక్కుర్తిపడి లోపలి సంగతులు బయట అమ్ముకుంటారని వాళ్ళ అనుమానం. నాకు తెలీదా? నేను లోపలి మనిషిని."

"నువ్వు క్యాంటీను మనిషివి మావయ్యా," అంది వరహాలు.

"క్యాంటీను లోపలే ఉంది."

వరహాలు వాదించలేదు. ఉన్న అప్పు ఎంతో, ఎందుకు చేశారో, ఎవరికివ్వాలో, ఇప్పటిదాకా ఎంత తీర్చిందో అంతా రాసి పంపింది. మావయ్యకు చెప్పలేదు. చెబితే ఆయనకు రాత్రి నిద్రపట్టదు, ఆయన ఊరిని పడుకోనివ్వడు.

లేవనే రాసి ఉంటుందనుకున్న తవిటయ్య ఊరందరినీ హెచ్చరించాడు. "జీపులో వస్తారు. టోపీలుంటాయి. అప్పు అన్న మాట ఎవరి నోటా రాకూడదు." ఊరు జీపు కోసం కాచుకుని కూర్చుంది. జీపు చప్పుడు వినబడదేమోనని దాలినాయుడు రేడియో కూడా కట్టేశాడు.

జీపు రాలేదు. ఒక మధ్యాహ్నం షేర్ ఆటో వచ్చింది. అందులోంచి, కోడిగుడ్ల అట్టలకూ ఒక మేకకూ మధ్య ఇరుక్కుని కూర్చున్న సన్నపాటి పెద్దమనిషి దిగాడు. చంకలో గొడుగు, భుజాన సంచి. పేరు జోగారావు. నేరుగా టీ దుకాణానికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"పోలయ్య గారి అమ్మాయి వరహాలు ఈ ఊరేనటగా," అన్నాడు. "నేను డిపో ఆఫీసు నుంచి వచ్చాను. ఆ అమ్మాయి గురించి చిన్న ఎంక్వయిరీ."

ఆయన ఏదీ దాచలేదు. తప్పంతా ఆ మాటది. కొత్తరేవులో ఎంక్వయిరీ అంటే ఒకటే అర్థం. పెళ్ళికొడుకు తరఫు పెద్దమనిషి వచ్చి, పిల్ల ఇంటికి వెళ్ళకుండా టీ దుకాణంలో కూర్చుని ఆరా తీయడం. జీపులో దిగేవాడు పోలీసు. గొడుగుతో దిగేవాడు పెళ్ళిపెద్ద. పైగా డిపో ఆఫీసు అంటున్నాడు. అంటే పెళ్ళికొడుకు కంచెలో ఆఫీసరు. దాలినాయుడు గరిట పక్కన పెట్టాడు.

"అబ్బాయి ఏం చదివాడండీ?" అని అడిగాడు.

"ఏ అబ్బాయి?" అన్నాడు జోగారావు.

దాలినాయుడు నవ్వి ఊరుకున్నాడు. గడుసువాడే అనుకున్నాడు. ఆ టీకి డబ్బులు తీసుకోలేదు. దాలినాయుడు టీకి డబ్బులు తీసుకోలేదంటే ఊళ్ళో ఏదో జరుగుతోందని అందరికీ అర్థమైపోయింది. బల్ల చుట్టూ జనం చేరారు.

"కుటుంబం ఎలాంటిది? ఆస్తులూ అప్పులూ?" అన్నాడు జోగారావు. పెళ్ళిపెద్దలు అడిగేదీ అదే.

"రెండు పడవలండీ," అన్నాడు దాలినాయుడు.

"ఒకటి ఇంజినుది," అన్నారు సన్యాసిరావు మాస్టారు. పిల్లలకు ముప్ఫై ఏళ్ళు సత్యం చెప్పి చెప్పి ఆయన విసిగిపోయి ఉన్నారు.

"అప్పులు?"

"అప్పా?" అంటూ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఆ మాట మొదటిసారి విన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఈలోగా కబురు తవిటయ్యకు చేరింది. అతను చెల్లెలి ఇంటికి పరుగెత్తాడు. పెళ్ళిపెద్ద ఎలాగూ ఇల్లు చూడకుండా పోడు. నలుగురు పట్టి మాస్టారి ఫ్రిజ్జును వీధి దాటించారు. మాస్టారు వెనకాలే నడుస్తూ అందులోంచి పంచెలు లాక్కున్నారు. గౌరమ్మ ఇంట్లో ప్లగ్గు లేదు. అందుకని ఫ్రిజ్జును గోడకు ఆనించి, తీగను చాప కింద దాచారు. పక్కింటి బంగారం, ఎదురింటి బంగారం గౌరమ్మ మెడలోకి వచ్చాయి. పోలయ్య బాగుచేస్తున్న వల మంచం కిందికి పోయింది.

"అసలు ఎవరొచ్చారు బావా?" అన్నాడు పోలయ్య.

"నువ్వు మాట్లాడకు. నడుం నొప్పి పెరుగుతుంది."

జోగారావును తీసుకొచ్చి కూర్చోబెట్టారు. సేమ్యా పాయసం పెట్టారు. తవిటయ్య పాసు బయటికి కనబడేలా సర్దుకుని, "మాది అప్పెరగని వంశమండీ. ఆ మాట వింటేనే మా బావకి జ్వరం వస్తుంది," అన్నాడు. పోలయ్యకు నిజంగానే ఒళ్ళు వెచ్చబడింది.

జోగారావు సంచిలోంచి ఒక కాగితం సగం బయటికి తీసి చూసుకున్నాడు. "సూరమ్మ గారంటే ఎవరు?" అన్నాడు.

తవిటయ్య ఆయన గిన్నెలో గబగబా ఇంకో గరిటెడు పాయసం పోశాడు. చేపల బుట్టతో సంతకు బయల్దేరి, జనాన్ని చూసి గుమ్మంలో ఆగిన సూరమ్మ అక్కడే ఉంది.

"నానే బాబూ," అంది.

"ఈ కుటుంబం మీకు బాకీ ఉందా?"

సూరమ్మ గౌరమ్మ మెడలోని బంగారం చూసింది. అది ఎవరిదో ఆమెకు తెలుసు. గోడ మీద వరహాలు ఫొటో చూసింది. జీవితంలో ఎవరికీ పది రూపాయలు వదలని మనిషి, ఆ పిల్ల పెళ్ళి కోసం లక్షల బాకీ ఒక్క గుక్కలో మింగేసింది.

"బాకీ ఏటి బాబూ. నాకే ఏదన్నా అవసరం వస్తే వీళ్ళ దగ్గరికి వస్తాను."

అని, బుట్ట ఎత్తుకుని గబగబా వెళ్ళిపోయింది. ఎక్కువసేపు నిలబడితే మనసు మారుతుందని ఆమెకే అనుమానం.

అప్పుడే పట్నం నుంచి వరహాలు వచ్చింది. గుమ్మంలో అన్ని చెప్పులు చూసి కంగారుగా లోపలికి అడుగుపెట్టింది.

"నువ్వేనా అమ్మా వరహాలు?" అన్నాడు జోగారావు. ఇంతసేపూ నవ్వుతున్న మనిషి ఇప్పుడు నవ్వడం లేదు. "పడవ తాలూకు అప్పు సూరమ్మ గారికి ఇంకా రెండు లక్షలు కట్టాలని దరఖాస్తులో రాశావు. ఆవిడ పైసా లేదంటోంది. ఊరూ అదే అంటోంది. రాసింది ఒకటి, ఉన్నది ఒకటి అయితే నేను అనుమతి ఇవ్వమని రాయలేను. రేపు పొద్దున్నే నా నివేదిక ఇవ్వాలి."

వరహాలు గోడకు ఆనించిన ఫ్రిజ్జును చూసింది. అమ్మ మెడ చూసింది. చివరికి తవిటయ్య వైపు తిరిగింది.

"మావయ్యా, ఈయన పెళ్ళికి రాలేదు."

"మరి?"

"నా ఉద్యోగం ఎంక్వయిరీకి వచ్చారు. నేను అప్పుందనే రాశాను. ఇప్పుడు మీరంతా కలిసి నన్ను అబద్ధాలకోరుని చేశారు."

ఎవరూ కదల్లేదు. ఫ్రిజ్జు ఎలాగూ చప్పుడు చేయదు.

"ఆటో ఎప్పుడుంది?" అని జోగారావు గొడుగు అందుకున్నాడు.

"అది తిరిగొచ్చే వేళయింది సార్. ఇవాళ్టికి అదే ఆఖరు," అన్నాడు దాలినాయుడు.

అక్కడి నుంచి కొత్తరేవు పడ్డ హడావుడి తుఫానప్పుడు కూడా పడలేదు. మధ్యాహ్నం అంతా పెంచిన ఆస్తిని ఆటో వచ్చేలోపు కరిగించాలి. వరహాలు ఒక్క క్షణం కూడా ఆగలేదు. మావయ్య మోపెడ్ తీసుకుని సూరమ్మ కోసం సంత దారిన దూసుకుపోయింది. వెనక కట్టిన ఖాళీ కూరగాయల బుట్టలు ఎగిరెగిరి పడ్డాయి.

"పడవలు లేవు సార్," అన్నాడు దాలినాయుడు. "తెడ్డు కూడా లేదు."

"ఆ ఫ్రిజ్జు నాది," అన్నారు మాస్టారు. "నమ్మకపోతే తెరిచి చూడండి." తెరిచారు. మిగిలిపోయిన పంచె ఒకటి కిందపడింది.

పక్కింటావిడ, ఎదురింటావిడ ఒకేసారి గౌరమ్మ మెడ మీద పడ్డారు. ఎవరి గొలుసు వాళ్ళు విప్పుకున్నారు. పోలయ్య మంచం కిందనుంచి వల లాగి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతనికి ప్రాణం కుదుటపడింది.

జోగారావు తల పట్టుకున్నాడు. "మధ్యాహ్నం ఒక మాట, ఇప్పుడొక మాట. మీలో ఎవరిని నమ్మమంటారు? అప్పిచ్చిన మనిషి చెప్పాలి. ఇందాక వంశం సంగతి చెప్పిన ఈ పెద్దాయన చెప్పాలి."

అందరూ తవిటయ్యను చూశారు. ఊరి బయట ఆటో హారన్ వినబడింది.

"అన్నయ్యా, చెప్పు," అంది గౌరమ్మ.

తవిటయ్య పాసును గట్టిగా పట్టుకున్నాడు. "మా చెల్లెలి ఇంట్లో... కొద్దిగా..." అన్నాడు.

"కొద్దిగా ఏమిటి?"

"కొద్దిగా ఇదిగా ఉంది."

"పిల్ల ఉద్యోగం పోతోంది అన్నయ్యా. ఇదిగా ఉండడమేటి? సరిగ్గా చెప్పు."

ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు తొందరపడ్డాడు. లోపలి జనం కేకలేశారు. దాలినాయుడు కెటిల్ పట్టుకుని ఆటోకు అడ్డంగా నిలబడి, అందరికీ టీ పోశాడు. ఒకే రోజు రెండోసారి డబ్బులు తీసుకోలేదు. ఆ నష్టం గురించి ఇప్పటికీ చెబుతుంటాడు.

తవిటయ్య కళ్ళు మూసుకున్నాడు. "పడవ పోయిందండీ. అప్పుంది. నా చెల్లెలు అప్పులో ఉంది. ఆ పిల్లే నెలనెలా తీరుస్తోంది," అని ఒక్క ఊపిరిలో అనేశాడు. తర్వాత కళ్ళు తెరిచి, ఎవరు నవ్వుతున్నారో అని చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. తెలిసిన సంగతికి ఎవరు నవ్వుతారు?

మోపెడ్ వచ్చి ఆగింది. వెనక సూరమ్మ, ఆమె ఒళ్ళో బుట్ట. దిగీ దిగకుండానే, "ఉంది బాబూ, రెండు లక్షలుంది," అంది. "ఈ పిల్ల ఒక్క నెల తప్పలేదు. ఒకసారి జీతం ఆలస్యమైతే ముందే వచ్చి చెప్పింది."

"మరి మధ్యాహ్నం లేదన్నారు?"

"పెళ్ళనుకున్నాను. పెళ్ళికి అది చెబితే మేలు గదా. ఉద్యోగానికి నిజం చెబితేనే మేలని ఈ పిల్ల దారిలో చెప్పింది."

జోగారావు మొదటిసారి గట్టిగా నవ్వాడు. ఆయన నవ్వడం చూసి తవిటయ్యకు ధైర్యం వచ్చింది. "అప్పుందని తెలిశాక కూడా ఉద్యోగం వస్తుందాండీ?" అని అడిగాడు.

"అప్పు ఎవరికి లేదయ్యా? మేం చూసేది, దాన్ని దాచాడా, తీరుస్తున్నాడా అని. ఈ అమ్మాయి అప్పు మాకూ తెలుసు, మీ ఊరికీ తెలుసు. రేపు ఎవడో వచ్చి, నీ బాకీ సంగతి బయటపెడతాను, లోపలి కబురు ఒకటి చెప్పు అంటే ఈ పిల్ల నవ్వుతుంది. అదే దాచుకున్నవాడైతే వణుకుతాడు. వణికేవాడిని గేటు దగ్గర కూర్చోబెట్టలేం."

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. కథ ఇక్కడ ఆగిపోతే బాగుండేది. కానీ తవిటయ్యకు చెల్లెలి అప్పు ఒప్పుకున్న మంట ఇంకా చల్లారలేదు.

"మా కుటుంబంలో ఇదొక్కటే వెలితండీ," అన్నాడు. "నన్ను చూడండి. పైసా బాకీ లేదు."

"అదేటి తవిటయ్యా," అంది సూరమ్మ. "మరి నా లక్షా నలభై వేలు ఎవరికిచ్చాను?"

తవిటయ్య కళ్ళతో ఏదో సైగ చేశాడు. సూరమ్మకు అది అర్థం కాలేదు.

"నిజం చెబితే మేలని అందరూ అంటున్నారు గదా. నీకూ మేలు చేద్దామని," అంది.

జోగారావు సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. "మీ పాసు కూడా ఈ నెల మార్చాలి. అప్పులు లేవని మీరే సంతకం పెట్టారు."

"అది అప్పు కాదండీ, చేబదులు."

"చేబదులుకి వడ్డీ ఉండదే?"

"నూటికి మూడు," అంది సూరమ్మ.

"ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు జోగారావు. ఈసారి చాలా నెమ్మదిగా అడిగాడు.

తవిటయ్య పాసులోని తన ఫొటో వైపు చూశాడు. ఆటోలో వాళ్ళు తలలు బయటికి పెట్టారు.

"పట్నంలో పాత ఇనుం వ్యాపారి ఉన్నాడండీ," అన్నాడు చివరికి. "తిరిగొచ్చే ఖాళీ బుట్టల్లో లోపలి రాగితీగ ముక్కలు నాలుగు తెచ్చిపెడితే వడ్డీ వదిలేస్తానన్నాడు. తేలేదండీ. అమ్మతోడు, తేలేదు."

"ఎవరికైనా చెప్పావా?"

"చెబితే అప్పు సంగతి బయటపడుతుంది గదండీ."

వరహాలు మావయ్య పక్కకు వెళ్ళి నిలబడింది. జోగారావు రెండు కాగితాలూ సంచిలో పెట్టుకుని, వెళ్ళి ఆటోలో, అమ్ముడుపోక తిరిగొచ్చిన మేక పక్కన కూర్చున్నాడు.

కొన్నాళ్ళకు కంచె నుంచి కబురొచ్చింది. వరహాలుకు అనుమతి వచ్చింది. తవిటయ్య పాసు రద్దయింది. రాగితీగ తేలేదన్నది నిజమేనని విచారణలో తేలడంతో అంతకు మించి ఏమీ చేయలేదు. ఇప్పుడు వంకాయల బుట్ట కంచె లోపలికి వెళుతుంది, తవిటయ్య వెళ్ళడు. గేటు బయట ఎండలో నిలబడతాడు. బుట్టలో చెయ్యి పెట్టి వెతికి లోపలికి పంపేది వరహాలు. ఖాళీ బుట్ట తిరిగొచ్చాక ఇంకోసారి వెతికేదీ ఆమే.

"మీ మావయ్యనే," అంటాడు తవిటయ్య రోజూ.

"తెలుసు. పక్కకి నిలబడు మావయ్యా," అంటుంది వరహాలు రోజూ.

మీ పాలు ఎప్పుడో పొంగిపోయి ఉంటాయి, చూసుకోండి. ఇక నీతి: ఇబ్బంది ఎవరికైనా వస్తుంది, అడిగినప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి, దాచుకున్న ఇబ్బంది మనల్ని ఏదో ఒక రోజు పరాయివాడి చేతిలో పెడుతుంది.